దొర గొట్టంలో మా నాన్న పడవ

మొన్న ఆదివారం మా పక్కింటి కోడలు తన పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చి, ఇంట్లో ఒక్కరూ కూర్చుని ఏం చేస్తారు పిన్నిగారూ, మీరూ రండి అని బలవంతం చేస్తే, అమలాపురంలో ఒక కాలేజీవారు పెట్టిన పాతవస్తువుల ప్రదర్శనకి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషిని పాతవస్తువులు చూడ్డానికి తీసుకెళ్ళడమేమిటి, ఇంట్లో అద్దం ముందు నిలబడితే చాలదూ అని నవ్వుకుంటూనే వెళ్ళాను. కావడిపెట్టెలూ, తాటాకు పుస్తకాలూ, గ్రామఫోను పెట్టెలూ అన్నీ చూసుకుంటూ మూడో గదిలో అడుగు పెట్టేసరికి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బల్లమీద మూడుకాళ్ళ పీట, దానిమీద మూరెడున్నర పొడవున ఇత్తడి దుర్భిణి. తెల్లదొరల కాలంలో అడవులగుండా కాలినడకన తిరిగి కొండలూ ఏరులూ పటాలకెక్కించినవారు వాడినదని పక్కన అట్టముక్క మీద రాసిపెట్టారు. అక్కడ నిలబడ్డ కుర్రాడు బహు మర్యాదస్తుడు. "చూడండి మేడమ్, కిటికీలోంచి గుడి శిఖరం కనపడుద్ది. తలకిందులుగా కనపడుద్దండి, కంగారు పడకండి" అన్నాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూసి కిలకిల నవ్వారు. నా వంతు వచ్చింది గాని నేను కన్ను పెట్టలేకపోయాను. చెమటలు పోసేసి గోడవార కుర్చీలో కూలబడితే, పాపం ఆ కోడలుపిల్ల నేను బీపీ మాత్ర వేసుకోలేదేమో అనుకుని మంచినీళ్ళకోసం పరుగెత్తింది.

మాత్ర వేసుకున్నాను, అది కాదు సంగతి. సంగతి చెప్పుకుందామంటే నా ఈడువాళ్ళు తప్ప వినేవాళ్ళెవరు? కాబట్టి మీకే చెబుతున్నాను.

అటువంటిది, అచ్చం అటువంటిదే, మా ఇంట్లో ఉండేది. మా ఊరు ముమ్మిడివరం దాటి ఇంకా కిందకి, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఉంది. ఇప్పుడంటే అటువేపంతా రొయ్యల చెరువులు గాని అప్పట్లో ఇసుక దిబ్బలూ, సరుగుడు చెట్లూ, చేపల వేటకెళ్ళే మా వాళ్ళ పాకలూ అంతే. మా ముత్తాత కుర్రతనంలో ఒక దొర వెంట సామాను మొయ్యడానికి వెళ్ళాడట. రాజమండ్రి మీదుగా పాపికొండలు దాటి, ఆపైన పేర్లు కూడా తెలియని అడవులగుండా నెలల తరబడి నడక. తానెక్కడున్నదీ నక్షత్రాలను చూసి లెక్కకట్టి కాగితం మీద గుర్తు పెట్టుకోవడం దొర పని, దుర్భిణి ఉన్న టేకుపెట్టెను రాయి తగలకుండా నీరు తగలకుండా మొయ్యడం మా ముత్తాత పని. చలిజ్వరాలకి మనుషులు ఒక్కొక్కరే దారిలో రాలిపోయారు. చివరికి దొరా పోయాడు. పోతూ పోతూ ఆ పెట్టె కాకినాడ కలెక్టరు కచేరీలో అప్పగించమన్నాడట. ముత్తాత దాన్ని నెత్తిన పెట్టుకుని అంతదూరమూ నడిచి కచేరీ గుమ్మందాకా వెళ్ళి, దొర ఏడిరా అంటే ఏమని చెప్పను, నువ్వే చంపి ఎత్తుకొచ్చావంటే ఏం చెయ్యను అని భయపడి, పెట్టెతో సహా ఇంటికి వచ్చేశాడు. బతికినన్నాళ్ళూ దాన్ని వలల కుప్ప కింద దాచి, ఊళ్ళోకి జవాను వచ్చాడంటే సరుగుడు తోటలోకి పారిపోయేవాడట. అంటే ఆ వస్తువు మా ఇంట్లోకి వచ్చిందే భయంతో వచ్చింది.

దాన్ని పైకి తీసి పనికి పెట్టినవారు మా తాతా నాయనమ్మా. సముద్రమంటే మీరు నడిసంద్రంలో ప్రమాదం అనుకుంటారు, కాదు. మా వాళ్ళను మింగేది ఏరు సముద్రంలో కలిసే ఆ మొగే. అక్కడ ఇసుక మేటలు వారానికో చోటికి మారతాయి, వాటిమీద కెరటాలు విరుగుతాయి, వేటనుంచి చేపల బరువుతో వచ్చే పడవ ఆ నాలుగు బారలూ దాటి ఏట్లోకి వచ్చి పడితేనే బతికినట్టు. మా ఇంటి వెనక దిబ్బమీదనుంచి మొగ కోసెడు దూరం. మామూలు కంటికి నల్లటి చుక్కలా కనబడే పడవ దొర గొట్టంలోంచి చూస్తే మనుషులతో సహా కనబడేది. మా ఇంట్లో దాన్ని దొర గొట్టమనే అనేవారు. ఎటొచ్చీ, అన్నీ తలకిందులే. సముద్రం పైనా, ఆకాశం కిందా, వాటిమధ్య పడవ తెరచాపను కిందికి వేలాడేసుకుని గబ్బిలంలాగ కనబడేది. నక్షత్రాలకి తలా కాళ్ళూ ఏమున్నాయి, దొరకి ఎలా కనబడినా ఒకటేనని నాకు పెద్దయ్యాక, సైన్సు టీచరు ఉద్యోగంలో చేరాక తెలిసింది. తెలిసి మాత్రం ఏం లాభం, ముప్పైయేళ్ళ సర్వీసులోనూ కటకాల పాఠం వచ్చిందంటే ఏదో వంక చెప్పి పక్క సెక్షను మాస్టారికి అప్పగించేదాన్ని.

ఇక్కడ మా వాళ్ళ పట్టింపొకటి చెప్పాలి. ఇంట్లో మగవాళ్ళు వేటకి వెళ్ళి ఉండగా ఏ గిన్నె గాని, బుట్ట గాని, తట్ట గాని బోర్లించకూడదు. బోర్లిస్తే పడవ బోల్తాపడుతుందని. తోమిన గిన్నెలు గోడకి చేరేసి పక్కవాటుగా ఆరబెట్టేవారు. మెట్ట ఊరినుంచి వచ్చిన చుట్టాలెవరైనా మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లిస్తే నాయనమ్మ కొంగు దులుపుకుంటూ వచ్చి మాటాడకుండా దాన్ని తిప్పి పెట్టేది. పనే కాదు, మాటా పనికిరాదు. బోర్లా అన్న మాట, మునక అన్న మాట మగవాళ్ళు ఒడ్డెక్కేదాకా నోట రాకూడదు. ఒకసారి మరిచిపోయి అన్నందుకు మా నాయనమ్మ నా నోటిమీద కొట్టిన దెబ్బ నాకిప్పటికీ గుర్తుంది.

మరి అటువంటి ఇంట్లో పడవల్ని పొద్దస్తమానం తిరగేసి చూపించే యంత్రం ఉంటే మా అమ్మ గతేమిటి? అమ్మ ఐనవిల్లి దగ్గరి పిల్ల. వాళ్ళవాళ్ళు కాలవల్లో బోదెల్లో చేపలు పట్టుకునేవాళ్ళే తప్ప సముద్రం ఎరగరు. పెళ్ళయి వచ్చిన మర్నాడే, నీ మొగుడి పడవని ఆ గొట్టం తలకిందులుగా చూపిస్తుందని ఎవరో చెప్పారట. అంతే, అమ్మ దాని దరిదాపులకి పోలేదు. జీవితంలో ఒక్కసారి కూడా అందులో కన్ను పెట్టలేదు. నాన్న వేటలో ఉన్నంతసేపూ సముద్రానికి వీపుపెట్టి గుమ్మంలో కూర్చుని ఏదో ఒక పని చేసుకునేది. చింతపండు గింజలు తీస్తున్నా, వల పోగులు ముడివేస్తున్నా తల మాత్రం వెనక్కి తిప్పేది కాదు.

తాత అప్పటికే లేడు, నాకు తొమ్మిదో ఏడు నిండేసరికి నాయనమ్మ కళ్ళకి శుక్లాలు వచ్చాయి. చూసే పని నా మీద పడింది. బాబోయ్, ఆ మొదటి రోజులు! ఇత్తడి కంటికి చల్లగా తగిలేది. దారిలో చచ్చిపోయిన ఆ దొర గొట్టానికి అవతలి కొసనుంచి నావైపే చూస్తున్నాడేమోనని నాకు ఒకటే గుబులు. పడవ కిందికి వేలాడుతూ కనబడినప్పుడల్లా నాన్న ఆకాశంలోకి జారిపోతాడనిపించి కళ్ళు మూసుకునేదాన్ని. నాయనమ్మ పక్కన పీటమీద కూర్చుని ఓపిగ్గా నేర్పేది. "సూసింది సూసినట్టు సెప్పకే. మనసులో తిరగేసుకుని, తిన్నగా అయ్యేకే సెప్పు" అనేది. అలా ఏడాదిపాటు నేను లోకాన్ని మనసులో తిరగేసుకుంటూ గడిపాను. నెమ్మదిగా అలవాటైంది, కాస్త గర్వం కూడా వచ్చింది. వస్తన్నారు అని నేను అంటే చాలు, అమ్మ వెనక్కి తిరక్కుండానే లేచి ఎసరు పెట్టేది. నాన్నకి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి.

నాన్న బహు కొంటె మనిషి. నేను దిబ్బమీదనుంచి చూస్తానని తెలుసు కాబట్టి మొగ దాటగానే తలగుడ్డ విప్పి ఊపేవాడు, అది నాకు కిందికి ఊపినట్టు కనబడేది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఏమే, ఇయ్యేళ నన్ను ఎన్నిసార్లు ముంచేవే?" అని నన్ను ఏడిపించేవాడు. నేను పకపకా నవ్వేదాన్ని. అమ్మ మాత్రం నవ్వేది కాదు. ఒడ్డెక్కాక అన్నా సరే ఆ మాట ఆవిడకి పడేది కాదు, చెంబు విసురుగా పెట్టి లోపలికి వెళ్ళిపోయేది.

ఇంక ఆ రోజు సంగతి. తుఫానూ కాదు, వానా కాదు. ఎండగానే ఉంది. నాన్నా, చిన్నాన్నా కోడికూతవేళ వెళ్ళారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మా ఊరి పడవలన్నీ వచ్చేశాయి, మాది తప్ప. ఇంతలో గాలి తూర్పుకి తిరిగింది. తూర్పుగాలికి మొగలో కెరటాలు ఎలా లేస్తాయో మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాయనమ్మ రెండుసార్లు చూడమంది, నేను చూశాను, ఏమీ లేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు వొలుస్తోంది. మూడోసారి మళ్ళీ కన్ను పెట్టి మెల్లగా గొట్టాన్ని జరుపుకుంటూ పోతుంటే, తెల్లటి నురగల పక్కన నల్లగా కనబడింది పడవ.

అది తిన్నగా ఉంది. ఏడాదిగా నేను చూసిన పడవలన్నీ తలకిందులుగా వేలాడినవే, ఇది మాత్రం అడుగు కిందికి పెట్టుకుని, పిల్లలు పలకమీద గీసే పడవలాగ ముచ్చటగా ఉంది. దానికి రెండు చుక్కలు అంటుకుని ఉన్నాయి. మీరు నమ్మండి నమ్మకపోండి, నాకు కలిగింది సంతోషం. పదేళ్ళ పిల్లని. ఇన్నాళ్ళకి గొట్టానికి బుద్ధొచ్చింది, మా నాన్న పడవని ఉన్నదున్నట్టు చూపిస్తోంది అనుకున్నాను. మనసులో తిరగేసుకోవాలన్న సంగతే మరిచిపోయి, "నాయనమ్మా, మన పడవ ఇయ్యేళ తిన్నగా కనపడతందే" అని కేకపెట్టాను.

అమ్మ వెనక్కి తిరిగింది. అమ్మ అలా సముద్రం వేపు మొహం తిప్పగా నేను చూడటం అదే మొదటిసారి. మొహమంతా నవ్వు. "నిజంగానా?" అంది. చింతపండు చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్ళింది. పొయ్యి ఊదుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ ఇంట్లో అమ్మ పాడుతుందని కూడా నాకు అంతకుముందు తెలియదు.

నాయనమ్మ మాత్రం కదల్లేదు. చాలాసేపటికి తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "తెరసాప ఏదే?" అంది. నేను మళ్ళీ చూశాను. తెరచాప లేదు. దాని కొయ్యా లేదు. రెండు చుక్కల్లో ఒకటి కొంచెం పైకి, అంటే నిజానికి కిందికి, జరుగుతోంది. అప్పుడు తెలిసింది నాకు, గొట్టంలో తిన్నగా కనబడిందంటే అక్కడ తిన్నగా లేదని. తెలిసి, నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. నాన్న ఇంకా ఒడ్డెక్కలేదు, ఆ మాట అనకూడదు, అన్నానంటే నిజమైపోతుంది. నాయనమ్మ కూడా అనలేదు. రేవుకి పరిగెత్తవే అని నన్ను ఒక్క తోపు తోసింది.

పరిగెత్తాను. ఎండకి కాలిన ఇసుక అరికాళ్ళకి తెలియలేదు. రేవులో ఐదారుగురు మగవాళ్ళు పడవల నీడన వలలు బాగుచేసుకుంటున్నారు. అందరూ నాకు వరసైనవాళ్ళే. వాళ్ళ ముందు నిలబడ్డాను గాని ఆ మాట నాలుక మీదికి రాదే. మా పడవ, మా పడవ అంటున్నాను. ఏమయిందే అంటారు వాళ్ళు. చివరికి నా నోటినుంచి ఊడిపడ్డదేమిటో తెలుసా? మా పడవ గొట్టంలో తిన్నగా ఉంది అని. వాళ్ళెవరూ ఏనాడూ ఆ గొట్టంలో చూసినవాళ్ళు కాదు. "ఆయ్, తిన్నగా ఉంటే మంచిదే కదమ్మా, ఏడుస్తావేటి?" అని నవ్వి, ఒకాయన నా చేతిలో తేగముక్క కూడా పెట్టాడు. వాళ్ళ నవ్వు చూస్తూ, తేగముక్క పట్టుకుని, నేను అలాగే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో దేవుడికే తెలియాలి.

నాయనమ్మ వచ్చింది. కళ్ళు కనబడవు, రెండుచోట్ల పడినట్టుంది, మోకాలినుంచి నెత్తురు కారుతోంది. తడుముకుంటూ వెళ్ళి, పడవ పక్కనున్న చేపల తట్ట ఒకటి అందుకుని, వాళ్ళందరి ఎదుటా ఇసుకలో బోర్లించింది.

నవ్వులు ఆగిపోయాయి. ఆ తట్టకేసి ఒక్క క్షణం చూసి, వలలు ఎక్కడివక్కడ వదిలేసి, మూడు పడవలు నీళ్ళలోకి తోశారు. ఆడవాళ్ళు పాకల్లోంచి వచ్చి తట్టని చూసి గుండెలు బాదుకున్నారు. ఆ ఏడుపులు విని అమ్మ అన్నం తెడ్డు చేత్తో పట్టుకునే వచ్చింది.

చిన్నాన్నని తెచ్చారు. ఒడ్డున పడుకోబెట్టి పొట్ట నొక్కి నీళ్ళు కక్కిస్తే కళ్ళు తెరిచి నాయనమ్మతో అన్నాడు. "అన్నియ్య ఇప్పటిదాకా పట్టుకునే ఉన్నాడే అమ్మా. ఇందాకే ఒదిలేసేడు." ఆ మాట ఆయన మళ్ళీ ఎన్నడూ అనలేదు. నాన్న మూడో రోజున అవతలి ఒడ్డున దొరికాడు. దినాలన్నీ అయిపోయాక ఒక ఉదయం లేచి చూస్తే, అమ్మ గిన్నెలన్నీ తోమి అరుగుమీద వరసగా బోర్లించి కనబడింది. ఇక ఆ ఇంటినుంచి వేటకి వెళ్ళేవాళ్ళు లేరు మరి. చిన్నాన్న ఆ తర్వాత మళ్ళీ పడవెక్కలేదు. దొర గొట్టం ఏమైందో నాకు తెలియదు. నాయనమ్మ పెట్టెతో సహా గోదాట్లో వేయించిందని అన్నారు, నేను అడగలేదు.

మేము ఐనవిల్లిలో మేనమామల దగ్గరికి వచ్చేశాం. అమ్మ కొబ్బరి పీచు పనికి వెళ్ళి నన్ను చదివించింది. టీచరు ట్రైనింగు, ఉద్యోగం, అమలాపురంలో ఇల్లు, అన్నీ అమిరాయి. భయమొక్కటి నన్ను వదల్లేదు. ఇందాకే ఒదిలేసేడన్న చిన్నాన్న మాట చెవిలో మోగినప్పుడల్లా నా లెక్క నేను వేసుకునేదాన్ని. దిబ్బమీద సంతోషపడుతూ ఎంతసేపు, రేవులో తేగముక్క పట్టుకుని ఎంతసేపు. ఎన్నిసార్లు కట్టినా పావుగంటకి తగ్గేది కాదు. ఎవరైనా ఏనాడైనా, పిల్లా నువ్వు ఎప్పుడు చూశావు, ఎప్పుడు చెప్పావు అని అడుగుతారని నలభైయేళ్ళు వణికాను. అందరికంటే అమ్మ అడుగుతుందని. వంటింట్లో ఇద్దరమే ఉండి అమ్మ ఏదో చెప్పబోయి ఆగిందంటే లేని పని కల్పించుకుని బయటికి వచ్చేసేదాన్ని. ఒక్కగానొక్క తల్లితో నిమ్మళంగా కూర్చుని మాటాడుకోలేకపోయాను. అదీ నా బతుకు.

ఇప్పుడు మా ఊళ్ళో సంగతే వేరు. చిన్నాన్న మనవళ్ళు మళ్ళీ సముద్రానికి వెళ్తున్నారు. ఇంజను పడవలు, ఒంటికి గాలి చొక్కాలు, గాలి మారకముందే ఫోనుకి కబురు. పడవ ఎక్కడుందో ఇంట్లో కూర్చున్న మనవడి భార్యకి, నాకు కోడలి వరస, ఫోనులో చుక్కలాగ కనబడుతుంది. పోయిన ఏడు వెళ్ళినప్పుడు చూశాను, ప్లాస్టిక్కు బుట్టలో గిన్నెలన్నీ శుభ్రంగా బోర్లించే ఉన్నాయి, ఆ పట్టింపు ఎవరికీ గుర్తే లేదు. ఇంకేం, మీకు భయాలు లేవు కదమ్మా అంటే, ఆ పిల్ల ఫోనుమీదనుంచి చూపు తిప్పకుండానే, "అమ్మో, చుక్క కదలకపోతే ప్రాణం ఉండదండి అత్తయ్యగారూ" అంది.

అమ్మ పోయే ముందు నెలలో నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం నేను కంచంలో అన్నం కలుపుతుంటే, పొగలు వస్తున్న ఆ అన్నాన్ని చూస్తూ తనంతట తనే ఎత్తింది ఆ సంగతి. లేవబోయాను గాని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "పెళ్ళయిన కాడినించీ ఆయన ఏటకెళ్ళిన పెతిరోజూ బయ్యంతోనే వొండేనే. తిన్నగా ఉందని సెప్పేవు సూడు, ఆ ఒక్కపూటే బయ్యం లేకుండా వొండింది. ఎంత హాయిగా ఉందో ఆ కాసేపూ. నీకు సెప్దారంటే ఎప్పుడూ ఆగవుగా" అంది.

ఎవరూ ముట్టని అన్నం అది. దానికోసం అమ్మ నాకు మనసులో దణ్ణం పెట్టుకుంటుంటే నేనేమో నలభైయేళ్ళు ఆవిడనుంచి తప్పించుకు తిరిగాను. ఇప్పటి పిల్లలకి అన్నీ అప్పటికప్పుడే తెలిసిపోతున్నాయి, మగవాళ్ళు క్షేమంగా ఇళ్ళకి చేరుతున్నారు, అంతకంటే కావలసిందేముంది. కాకపోతే పొయ్యి ఊదుకుంటూ మా అమ్మ కూనిరాగం తీసుకున్న ఆ పావుగంటలాంటిది మాత్రం ఫోను పట్టుకు కూర్చున్న ఈ కోడలికి ఎప్పటికీ దొరకదు.